తాతయ్యలూ అమ్మమ్మలూ వచ్చిన ఎండాకాలం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మేలో మా అత్తయ్యగారు, మామయ్యగారు ఊరి నుంచి మూడు వారాలకు వస్తున్నారు. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. మేమిద్దరం ఆఫీసుకెళ్లాక మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లలు ఫోన్ వదలరు. ఏం పెడితే నలుగురూ కలిసి కూర్చుంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఒక మాట. ఫోన్ లాక్కునే పని పెద్దవాళ్ల మీద పెట్టకండి. వాళ్లున్నది మూడు వారాలు, ఆ మూడు వారాలూ కాపలాదారుల్లా గడపాల్సిన అవసరం లేదు. ఫోన్ ఎంతసేపు, ఎప్పుడు అన్నది మీరే చెప్పి, మీరే లాక్ పెట్టి వెళ్లండి. ఆ నాలుగు గంటలూ ఏదో ఒక ఆటతో నింపేయాలనీ అనుకోవద్దు. భోజనం అయ్యాక పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చాలి. పాప కూడా వాళ్ల పక్కనే పడుకుంటే మంచిదే. అందరూ లేచాక, మూడు నుంచి నాలుగు వరకు ఒక గంట కలిసి ఆడితే చాలు.

ఆ గంటకు అష్టా చెమ్మా పెట్టండి. మీ అత్తయ్యగారికి నేర్పాల్సిన పని ఉండదు, ఏడేళ్ల పిల్లాడికి లెక్కా అందుతుంది, ఎత్తుగడా అందుతుంది. చార్టు మీద 50 సెంటీమీటర్ల చతురస్రం గీసి, పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 25 గళ్లు చేయండి. నాలుగు వైపులా అంచు వరస మధ్య గడిలో ఒక్కొక్క ఇంటూ గుర్తు, నట్టనడి గడిలో ఒకటి పెట్టండి. అంచున ఉన్న నాలుగూ ఆడేవాళ్ల ఇళ్లు. ఇంటూ ఉన్న గడిలో కాయను చంపకూడదు. గవ్వలు నాలుగు కావాలి. వేసినప్పుడు వెల్లకిలా పడ్డవాటినే లెక్కపెట్టాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా మళ్లీ వేయొచ్చు. సొంత ఇంటి నుంచి బయలుదేరిన కాయ బయటి వరసలో 15 గళ్లు, లోపలి వరసలో 8 గళ్లు తిరిగి, ఆ పైన ఒక్కటి నడిస్తే నడి గడిలో పండుతుంది. మొత్తం 24 అడుగులు. బయటి వరసలో గడియారం ముల్లుకు ఎదురుగా, లోపలి వరసలో ముల్లు తిరిగే వైపుగా నడవడం ఎక్కువ ఊళ్లలో ఉన్న పద్ధతి. మీ మామయ్యగారి ఊళ్లో వేరేలా ఉంటే ఆయన చెప్పినట్టే ఆడండి.

ఆట ఎక్కడ చెడుతుందో ముందే తెలిస్తే మంచిది. తలా నాలుగు కాయలతో నలుగురు కూర్చుంటే గంట గడిచినా తేలదు, పిల్లలు మధ్యలోనే లేచిపోతారు. మొదటి వారం తలా రెండు కాయలతో ఆడండి. ‘అష్టా గానీ చెమ్మా గానీ పడితేనే కాయ దిగాలి’ అన్న నియమం తీసేయండి. నాలుగు గవ్వలూ ఒకే తీరుగా పడటం తరచూ జరగదు, అప్పటిదాకా పిల్లాడు ఖాళీగా కూర్చోవాలి. ‘ఒక్క కాయనైనా చంపనిదే లోపలి వరసలోకి వెళ్లకూడదు’ అన్నదాన్ని రెండో వారంలో కలపండి. అప్పటికి వాడికి చంపించుకోవడం అలవాటై, ఏడుపు తగ్గుతుంది. పాపకు విడిగా కాయలు ఇవ్వొద్దు. నానమ్మ జట్టులో గవ్వలు వేసే పని, వెల్లకిలా ఎన్ని పడ్డాయో లెక్కపెట్టే పని ఆ పిల్లవి.

పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే కింద కూర్చోబెట్టకండి. చార్టును డైనింగ్ టేబుల్ మీద పరిచి, గవ్వలు దొర్లిపోకుండా అంచున్న పళ్లెంలో వేయించండి. పళ్లెంలో ఒక గుడ్డ వేస్తే చప్పుడు కూడా ఉండదు. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతపిక్కలను ఒక వైపు తెల్లగా అయ్యేదాకా గరుకు బండ మీద అరగదీస్తే సరిపోతుంది.

ఆ ఆట మొహం మొత్తితే వామనగుంటలు ఆడించండి. బల్ల లేదని కొనకండి, పద్నాలుగు కాగితపు టీ కప్పులు ఏడేసి చొప్పున రెండు వరసల్లో పెడితే అయిపోయింది. కప్పుకు ఐదు చొప్పున డెబ్బై చింతపిక్కలు పోయండి. తన వైపు ఒక కప్పులోవి తీసి వరసగా ఒక్కోటి పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి కప్పులోవి తీసి పంచాలి. తర్వాతి కప్పు ఖాళీగా ఉంటే, దాని పక్క కప్పులో ఉన్నవన్నీ గెలుచుకుని వంతు వదిలేయాలి. ఆట అయ్యాక పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయించండి. చిన్నపిల్లలు వాటిని ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, మింగుతారు. ఇంట్లో మూడేళ్ల లోపు బిడ్డ తిరుగుతుంటే ఈ ఆట వద్దు.

ప్రశ్న: మా అమ్మకు మనవరాళ్లతో కలిసి సగ్గుబియ్యం వడియాలు పెట్టాలని ఉంది. పోయినసారి సగం గుడ్డకు అంటుకుపోయాయి, మిగతావి వేయిస్తే పొంగలేదు. పిల్లలకు ఆరు, తొమ్మిదేళ్లు. వాళ్లకు ఏ పని ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గ్లాసు సగ్గుబియ్యానికి నానబెట్టిన నీళ్లతో కలిపి ఐదు గ్లాసుల నీళ్లు. రాత్రే నానబెట్టి, తెల్లవారుజామున అడుగంటకుండా కలుపుతూ గింజలు గాజులా మెరిసేదాకా ఉడికించండి. గింజ మధ్య తెల్లటి చుక్క మిగిలిందంటే ఇంకా ఉడకలేదు. వేయించినప్పుడు పొంగకుండా రాయిలా తగిలేది ఇలా ఉడకని గింజే. పొంగకపోవడానికి రెండో కారణం లోపల తడి ఉండిపోవడం. ఉప్పు, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర దింపే ముందు వేయండి. ఉప్పు నోటికి కాస్త చప్పగా అనిపించేంతే ఉండాలి, ఎండాక నీరంతా పోయి ఉప్పు ముందుకొస్తుంది.

గంజి వేడిగా ఉన్నప్పుడు దోసెల పిండి కంటే కాస్త పల్చగా ఉండాలి, చల్లారుతూ చిక్కబడుతుంది. మరీ పల్చనైతే వడియం కాగితంలా ఎండి, తీసేటప్పుడు విరిగిపోతుంది. గుడ్డకు అంటుకున్నవాటిని గోటితో పీకకండి. గుడ్డను తిరగేసి వెనక వైపు నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగితే వాటంతటవే వదులుతాయి. మందపాటి ప్లాస్టిక్ షీటు మీద పెడితే ఈ బాధే ఉండదు, రెండో రోజుకి అంచులు లేచి వస్తాయి.

పిల్లల చేయి పడేది గంజి గోరువెచ్చబడ్డాకే. ఉడుకు సగ్గుబియ్యం నీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్ల పిల్ల గరిటెతో, ఆరేళ్ల పిల్ల టీ చెంచాతో పెట్టొచ్చు. రెండు వడియాల మధ్య రెండు వేళ్ల దూరం ఉంచమని అమ్మమ్మ చూపిస్తే చాలు, ఆకారాల జోలికి వెళ్లొద్దు. వంకరవైనా వేగుతాయి. డాబా మీద పని ఎనిమిదింటికల్లా ముగించి దిగిపోవాలి, చెప్పులు లేకుండా పిల్లల్ని పైకి పంపొద్దు. మొదటి రోజు సాయంత్రం షీటుతో సహా ఇంట్లోకి తెచ్చి, రెండో రోజు తిరగేసి ఎండబెట్టండి. విరిస్తే టప్పుమని విరగాలి. వంగితే ఇంకో రోజు ఎండ కావాలి. డబ్బాలో పోసే ముందు ఒకటి నూనెలో వేసి చూడటం పిల్లలకు ఎలాగూ ఇష్టమైన పనే.

ప్రశ్న: మా మామయ్యగారికి 72 ఏళ్లు, బీపీకి మాత్రలు వాడతారు. మనవడిని రోజూ నాలుగింటికి పార్కుకు తీసుకెళ్తానంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ‘వద్దు’ అనకుండా వేళ మార్చండి. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదున్నర తర్వాత పార్కు ఆయనదే. నాలుగింటికి గుంటూరు ఎండలో సిమెంటు బెంచీ, ఇనుప జారుడుబల్ల రెండూ కాలుతుంటాయి. జారుడుబల్ల మీద అరచేయి తిరగేసి ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచలేకపోతే పిల్లాణ్ణి ఎక్కించకూడదు. ఈ పరీక్ష తాతయ్యకే అప్పగించండి.

వయసు మళ్లాక దాహం మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు ఎండినట్టు అనిపించదు. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటాయి, వాటితో ఎండాకాలంలో నీరసం, లేవగానే కళ్లు తిరగడం ఎక్కువవుతాయి. అలా ఉంటే డాక్టరుకు చెప్పి మోతాదు చూపించుకోవాలి తప్ప మాత్ర సొంతంగా మానేయకూడదు. గుండె బలహీనత గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్నవాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి, ‘ఎండ కదా’ అని తాగించేయొద్దు. అవి లేనివాళ్లకు బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక పెరుగు ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులుగా చేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి. బీపీ ఉంది కాబట్టి ఉప్పు చిటికెడు కూడా వేయొద్దు, కరివేపాకు, అల్లం నలిపి వేయండి.

ఓఆర్‌ఎస్ పొడి లీటరుకు కలిపే ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. విరేచనాలో వాంతులో అయినప్పుడు, ఎండలో బాగా చెమటపట్టి డీలాపడినప్పుడు అది మందు. బీపీ ఉన్నవాళ్లకు రోజువారీ షర్బత్‌లా ఇచ్చేది కాదు. పండ్ల రుచితో అమ్మే తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు.

మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా వడదెబ్బ అనుకుని 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. వడదెబ్బ వేడికి పారాసెటమాల్ పనిచేయదు.

ప్రశ్న: మా నాన్నగారు చిన్నప్పుడు ముంజకాయల బండి చేసుకునేవారట. మనవడికి చేసివ్వాలంటే ఏమేం కావాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముంజలు తీసేశాక మిగిలిన తాటికాయలు రెండు, జానెడున్నర పొడవు తిన్నని పుల్ల ఒకటి, పిల్లాడి ఛాతీ ఎత్తుకు కాస్త ఎక్కువ పొడవున్న పంగలకర్ర ఒకటి. మేలో రోడ్డు పక్క ముంజలమ్మేవాళ్ల దగ్గర ఖాళీ కాయలు కుప్పగా పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. ఏరేటప్పుడు రెండూ ఒకే లావువి చూడండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి ఎప్పుడూ చిన్నదాని వైపే తిరిగిపోతుంది.

పుల్ల చూపుడువేలంత లావుండాలి. వేప గానీ కానుగ గానీ సరిపోతుంది. రెండు కొనలూ కత్తితో చెక్కి మొనదేల్చాలి. ఈ పని తాతయ్యదే. ముంజలు తీసిన వైపు బయటికి, గుండ్రటి వైపు లోపలికి ఉండేలా పెట్టి, కాయ సరిగ్గా నడిమికి పుల్ల దిగేలా గట్టిగా గుచ్చాలి. పచ్చి పీచు పుల్లను బిగించి పట్టుకుంటుంది, మేకులు అక్కర్లేదు. నడిమికి కాకుండా పక్కకు దిగితే చక్రం ఎగిరెగిరి పడుతుంది. అలాంటప్పుడు తీసి మళ్లీ గుచ్చకండి, బొక్క వదులైపోతుంది, ఇంకో కాయ తీసుకోండి. రెండు కాయల మధ్య బెత్తెడు చోటు మిగలాలి. ఆ చోట పంగలకర్ర చీలికను ఇరుసు మీద ఆనించి నెట్టుకుంటూ పోవడమే. పంగ ఇరుకైతే ఇరుసును పట్టేసి బండి ఈడ్చుకుపోతుంది. ఇరుసు సులువుగా తిరిగేంత వెడల్పు ఉండాలి, లోపల బెరడు గీకేస్తే ఇంకా నున్నగా తిరుగుతుంది. కర్ర పైకొన పిల్లాడికి గుచ్చుకోకుండా గుడ్డ చుట్టండి.

కాయ రెండు మూడు రోజులకు వాడిపోయి వదులవుతుంది, చీమలు పడతాయి. అప్పుడు పారేసి కొత్తవి తెచ్చుకోవాలి. ఇరుసు, పంగలకర్ర సీజనంతా పనికొస్తాయి. కత్తి పట్టడం కుదరకపోయినా కాయలు ఏరడం, పంగ వెతకడం పిల్లాడి చేత చేయించండి. పంగలకర్ర కోసం చెట్లన్నీ చూసుకుంటూ తిరగడమే సగం ఆట.

ప్రశ్న: ఒక్క రోజు హైదరాబాద్ చూపించాలి. అమ్మమ్మకు ఎక్కువ నడక కుదరదు. జూకా, మ్యూజియంకా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మేలో అయితే సాలార్‌జంగ్ మ్యూజియం. నీడ ఉంటుంది, కూర్చుంటూ చూడొచ్చు. శుక్రవారం సెలవు. జూకు సోమవారం సెలవు. మ్యూజియం పదింటికి తెరుస్తారు, అప్పటికే అక్కడుండండి. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల వద్దు, పిల్లలు మూడో గదికే అలిసిపోతారు. మూడే చూపించండి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మలో పల్చటి ముసుగు కూడా రాయేనని పిల్లలకు చెప్పి నమ్ముతారేమో చూడండి. ఒకే దుంగలో ముందు వైపు ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనక వైపు అదే నాటకంలోని అమ్మాయి మార్గరెట్టా చెక్కిన బొమ్మకు వెనక అద్దం ఉంటుంది, ముందు నుంచే రెండూ కనిపిస్తాయి. మూడోది సంగీత గడియారం. ప్రతి గంటకూ చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలూ పిల్లలు పైకి లెక్కపెట్టుకోవచ్చు. జనం మూగుతారు కాబట్టి పావుగంట ముందే అమ్మమ్మకు చోటు చూసి కూర్చోబెట్టండి. ఆ తర్వాత భోజనం చేసి తిరుగుప్రయాణం. జూ డిసెంబరుకు దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మానాన్న వేసవికి డాలస్ వచ్చారు. పిల్లలకు ఐదు, ఎనిమిదేళ్లు, ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. నాలుగు రోజులకే ఇటు వాళ్లు, అటు వీళ్లు ఎవరి గదిలో వాళ్లు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నాలుగు రోజులే కదా, సగం కారణం నిద్రే అయ్యుంటుంది. వేసవిలో డాలస్ మన దేశం కంటే పదిన్నర గంటలు వెనక. పెద్దవాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు, పిల్లలు ఆటకు సిద్ధమయ్యే సాయంత్రానికి తూలిపోతుంటారు. మొదటి వారం పది రోజులు కలిసి చేసే పనులన్నీ పొద్దున్నే పెట్టండి. ఏడింటికి నలుగురూ నడకకు వెళ్లి, వచ్చి కలిసి టిఫిన్ తినడం అన్నిటికంటే సులువు. టెక్సస్ ఎండ మన ఎండకు తీసిపోదు కాబట్టి అక్కడా ఆ వేళే మంచిది.

భాష సంగతి. ‘తాతయ్యతో తెలుగులో మాట్లాడు’ అంటే పిల్లలకు ఏం మాట్లాడాలో తోచదు. మాట్లాడటానికి ఒక వరస కావాలి. ఏడు చేపల కథ అందుకు బాగా పనికొస్తుంది. ఎండని చేపతో మొదలుపెట్టి గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పసిబిడ్డ, చీమ దాకా ప్రతి ఒక్కరినీ ‘ఎందుకు?’ అని అడగడమే కథంతా. వాక్యం ఒకటే, పేరు మారుతుంది. ఈ ఏడింటి బొమ్మలూ ఏడు కార్డుల మీద పిల్లల చేతే వేయించండి. మొదటి రోజు నానమ్మ చెప్తుంటే పిల్లలు కార్డులు వరసలో పెడతారు. రెండో రోజు నానమ్మ అడుగుతారు, పిల్లలు జవాబు చెప్తారు. మూడో రోజు పిల్లలు అడగాలి. నాలుగో రోజు కార్డులు కలిపేసి తప్పు వరసలో పెట్టి ‘ఇది కథేనా?’ అనమనండి. పిల్లలు తప్పు దిద్దే ఉత్సాహంలో తెలుగులోనే అరుస్తారు.

ఇక్కడ పాడుచేసేది సాధారణంగా మధ్యలో కూర్చున్న అమ్మానాన్నలే. వాక్యం వాక్యానికీ ఇంగ్లిష్ చెప్పేస్తే పిల్లలు మీ మాట కోసమే ఆగుతారు, నానమ్మ మాట వినరు. ఉచ్చారణ దిద్దకండి, నవ్వకండి. వీలైతే ఆ అరగంట వేరే గదిలో ఉండండి.

స్ప్లాష్ ప్యాడ్‌కు, అంటే నేలలోంచి చిమ్మే నీళ్లలో పిల్లలు తడుస్తూ ఆడుకునే చోటుకు వెళ్తే పెద్దవాళ్లకు రబ్బరు అడుగున్న చెప్పులు వేయించండి, తడి సిమెంటు మీద జారిపడితే సెలవులన్నీ ఆస్పత్రిలోనే. ఎంత చిన్న పనికైనా పిల్లల్నీ పెద్దవాళ్లనూ ఆగిన కారులో వదిలి దిగొద్దు.

ప్రశ్న: అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను విశాఖ నుంచి సికింద్రాబాద్ రైల్లో తేవాలి. కిందటిసారి అమ్మానాన్నలకు పై బెర్తులు వచ్చాయి. సీనియర్ రాయితీ ఇంకా ఉందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది: మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు దాటితే వర్తిస్తుంది. అయితే ఆ టికెట్‌లో అర్హులు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. పిల్లలనూ మిమ్మల్నీ అదే టికెట్‌లో కలిపితే కోటా పోతుంది, కిందటిసారి జరిగింది బహుశా ఇదే. అమ్మానాన్నలకు విడిగా ఒక టికెట్ సీనియర్ కోటాలో, మీకూ పిల్లలకూ మరో టికెట్ మామూలు కోటాలో తీయండి. బోగీలు వేరు కావచ్చు, అందుకని మందులు, మంచినీళ్లు, భోజనం వాళ్ల సంచిలో వాళ్లకు విడిగా పెట్టండి. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, మే ప్రయాణమైతే మార్చిలోనే తేదీ చూసుకోవాలి. ఐదేళ్లు నిండని బిడ్డకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణం కాబట్టి ఆరేడేళ్ల పిల్లలకు బెర్తు తీసుకోవడమే మంచిది. లేకపోతే ఆ రాత్రంతా నిద్ర మానుకుని మంచం చివర కూర్చునేది అమ్మమ్మే.